ముందు ఒంటరిగా వెళ్లాలి

ప్రామిసరీ నోటుకు మూడేళ్లు నిండవస్తున్నాయంటే పల్నాట స్నేహాలు బిగుసుకుపోతాయి. ఆలోపు దావా వేయాలి, లేదా అప్పు తీసుకున్నవాడి చేత నోటు వెనక ఎంతో కొంత చెల్లు రాయించి సంతకం పెట్టించుకోవాలి. గడువు దాటితే ఆ నోటు మీద దావా నిలబడదు. మిర్చి ధర పడిపోయిన ఏడాది చెల్లు వేయడానికి కూడా చేతిలో డబ్బుండదు. ఇచ్చినవాడికి భయం, తీసుకున్నవాడికి సిగ్గు. ఆదివారం ఒకే గుడిలో పక్కపక్కన కూర్చునేవాళ్లయినా సరే, మాట్లాడుకోవడం మానేస్తారు. ఆ తర్వాత నరసరావుపేటలో ప్లీడర్లే వాళ్ల తరఫున మాట్లాడుకుంటారు.

సంఘ పెద్దగా ఇలాంటి రాజీలకు చాలాకాలంగా కూర్చుంటున్నాను. అప్పులు, గట్టు తగాదాలు, కాలువ నీటి వంతులు, అన్నదమ్ముల పంపకాలు. రాజీ అంటే ఇద్దరినీ చెరికొంత తగ్గించడం అనుకుంటారు చాలామంది. అలా కుదిర్చినవి నిలవవు. తగ్గినవాడు ఆ తగ్గింపును మనసులో దాచుకుంటాడు. మళ్లీ పొలం దున్నే రోజుకు అది బయటికొస్తుంది.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు ఒక వరస చెప్పాడు. ఎవరికి అన్యాయం జరిగిందో అతను ముందు తానొక్కడే వెళ్లి ఆ సంగతి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెట్టాలి. మన ఊళ్లలో ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. మాట ముందు నలుగురిలో పడుతుంది, తర్వాత పాస్టరుగారి దగ్గరికి, ఆ తర్వాత స్టేషనుకు. ఒంటరిగా వెళ్లడమన్నది ఎవరికీ గుర్తుకే రాదు. గుర్తు చేస్తే, ‘నేనే వెళ్తే తగ్గినట్టు కాదా అన్నా?’ అంటారు. ఎన్ని ఇళ్లలో విన్నానో ఈ మాట! మన ప్రాంతంలో ఒక మనిషి రెండో మనిషి గడప తొక్కకపోవడానికి డబ్బు కంటే, పొలం కంటే పెద్ద అడ్డు ఇదే.

అలాంటివాళ్లకు నేను కారంపూడి గుర్తుచేస్తాను. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని తలుచుకుంటూ కార్తీక అమావాస్యకు అక్కడ మొదలయ్యే వీరుల ఉత్సవాల్లో ఐదు రోజులుంటాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కోడిపోరుకు ఒక రోజు ఉన్నట్టే రాయబారానికీ ఒక రోజుంది. ఆ యుద్ధంలో మలిదేవుడి పక్షాన మాట్లాడటానికి ఎదుటి పక్షపు నలగామరాజు దగ్గరికి వెళ్లిన అలరాజు ఆయనకు స్వయానా అల్లుడు. అతను విషప్రయోగానికి బలయ్యాడని వీరగాథ చెబుతుంది. అయినా అతను తగ్గాడని పల్నాట ఎవరూ అనరు. కత్తి పట్టినవాళ్లతో సమానంగా తలుచుకుంటారు. నా విశ్వాసం వేరు, ఆ పూజలు నావి కావు. కానీ మాట్లాడటానికి వెళ్లినవాడిని వీరుల్లో లెక్కపెట్టిన ఊరది. ఆ సంగతి చెబితే గడప దాటినవాళ్లున్నారు.

ఇక అసలు బాధ. విశ్వాసులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడటమే ఓటమి అనీ, దానికంటే అన్యాయాన్ని సహించడం మేలనీ పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఈ భాగాన్ని మన వేదికల మీద ఎక్కువగా ఎవరికి వినిపిస్తున్నాం? ఆడబిడ్డకు వినిపిస్తున్నాం. భారత వారసత్వ చట్టం 1925 ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన క్రైస్తవుడి ఆస్తిలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. అయినా తండ్రి పోయాక చెల్లెలిని పిలిపించి, ప్రార్థన చేసి, అన్నలను క్షమించమని చెప్పి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించిన ఇళ్లు నాకు తెలుసు. పంపకం చేసిపెట్టమని ఒకతను అడిగినప్పుడు యేసు ఆ పని ఒప్పుకోలేదు, లోభం విషయంలో జాగ్రత్తపడమన్నాడు. పొలం చేతిలో పెట్టుకున్నవాడికి కదా ఆ హెచ్చరిక ముందు తగలాల్సింది! వాటా అడిగిన ఆడపిల్లకు లోభం అంటగట్టే హక్కు మనకెవరిచ్చారు?

భర్త కొట్టాడని వచ్చిన ఆమెకూ ఇదే జరుగుతోంది. క్షమించి వెళ్లమంటాం. వెళ్తే మళ్లీ దెబ్బలు. దాన్ని రాజీ అనడానికి నాకు నోరు రాదు.

పౌలు కూడా అన్నీ సహించి ఊరుకోలేదు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరలో వేసి, మర్నాడు గుట్టుగా పంపేయబోతే కదలలేదు. అధికారులే స్వయంగా వచ్చి తీసుకెళ్లాలన్నాడు. కైసరయలో తన వ్యాజ్యెం కైసరు ముందే తేలాలన్నాడు. మన సంఘాల్లో ఎక్కువమంది దళితులే కాబట్టి ఇది మరింత గట్టిగా చెప్పుకోవాలి. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ నిరాశ చిన్నది కాదు. అయినా వాళ్లు కోర్టు మెట్లెక్కడం క్షమాగుణం లేకపోవడమని ఏ సేవకుడైనా అంటే నేను ఒప్పుకోను. హత్యలను రాజీ చేసుకునే వీలు చట్టమూ ఇవ్వలేదు.

సంఘాలు తమ తగాదాలను ఎలా తేల్చుకుంటున్నాయో కూడా జనం చూస్తున్నారు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ కొన్నేళ్లకే గురజాలకు వచ్చి పల్నాట పనిచేశాడు. ఆయన వేసిన పునాది మీద పెరిగిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో పదవుల తగాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. మనం ఈ స్థితిలో ఉండి, రెండు సెంట్ల గట్టు కోసం దావా వేసిన రైతును మందలిస్తే ఆ మాటకు బరువెక్కడిది?

అందుకే నేను కూర్చునే రాజీల్లో తప్పు చేసినవాడి చేతే ముందు మాట్లాడిస్తాను. ఏం చేశాడో, ఏం తిరిగిస్తాడో, ఏ తేదీకి ఇస్తాడో అతని నోటితోనే చెప్పాలి. సువార్తలోని జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మేము అసలు మొత్తమైనా అడుగుతాం. అంతవరకూ రెండోవాళ్లను క్షమించమని ఎవరూ అనకూడదు. క్షమించడం వాళ్ల ఇష్టం, వాళ్ల దేవుడికీ వాళ్లకీ మధ్య సంగతి. కొందరు అక్కడే క్షమిస్తారు, కొందరికి ఏళ్లు పడుతుంది.

కుదిరిన ఒప్పందాన్ని లోక్ అదాలత్‌లో నమోదు చేయించుకోమని చెబుతాను. దావా వేయకముందు కూడా అక్కడికి వెళ్లొచ్చు, ఫీజు లేదు. దావా నడుస్తుంటే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. అక్కడిచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. ‘ప్రార్థన చేసి కలిశాక మళ్లీ కాగితమెందుకు?’ అని అడిగేవాళ్లు ప్రతిసారీ ఉంటారు. అడిగేది ఎక్కువగా బాకీ ఉన్నవాడే. అతనికి తేదీ మళ్లీ చదివి వినిపించి సంతకం పెట్టమంటాను.