ఇంజన్ ఆపాకే వేట

డిసెంబరు, జనవరి నెలల్లో పిల్లల్ని చూడ్డానికి ఆక్లండ్ వెళ్లే మనవాళ్లకు అక్కడ నడివేసవి ఎదురవుతుంది. తెల్లవారకముందే హౌరాకి గల్ఫ్ ఒడ్డున పడవలు దించే చోటికి వెళితే, కార్ల వెనక ట్రెయిలర్ల మీద జెట్‌స్కీలు బారులు తీరి ఉంటాయి. ప్రతి దాని వెనకా ఐస్‌పెట్టె, నిలువుగా గుచ్చిన గాలపు కర్రలు. మన రుషికొండలో టికెట్ కొని, కేకలు పెడుతూ ఓ చుట్టు తిరిగొచ్చే బండి మీద న్యూజిలాండ్ వాళ్లు వేటకెళ్తారు.

సంప్రదాయం అనేంత వయసు దీనికి లేదు. మొదట్లో ఎవరికివారు ప్లాస్టిక్ పెట్టెలు, పైపు ముక్కలు వెనక బిగించుకుని వెళ్లేవారు. 2018లో సీ-డూ కంపెనీ చేపలవేట కోసమే ‘ఫిష్ ప్రో’ను విడుదల చేసింది. వెనక భాగం పొడవు పెంచి, 51 లీటర్ల ఐస్‌పెట్టె, నీటి లోతునూ చేపల గుంపులనూ తెరమీద చూపే సోనార్ పరికరం అమర్చింది. జనం చేసుకుంటున్నదాన్నే కంపెనీ అందుకుందన్నమాట.

జెట్‌స్కీకి బయట తిరిగే రెక్కలుండవు. అడుగు నుంచి నీటిని పీల్చి వెనక్కి చిమ్ముతుంది. అందుకే లోతు తక్కువున్న ఒడ్డున స్టార్ట్ చేస్తే ఇసుకనూ, నాచునూ కూడా పీలుస్తుంది. ఏమరితే మన గాలపు దారాన్నే మింగేస్తుంది. మరో చిక్కు, కొత్తవాళ్లకు అసలు తట్టనిది: యాక్సిలరేటర్ వదిలేస్తే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి సరిగా తిరగదు. నీటి చిమ్ము ఉంటేనే మలుపు. భయపడి చెయ్యి వదిలేసినవాడు నేరుగా వెళ్లి గుద్దుకునేది ఇందుకే.

ఇక చేపల జాడ. నీళ్లమీద గానెట్ పక్షులు రెక్కలు ముడిచి బాణాల్లా దూకుతున్నాయంటే, కింద డాల్ఫిన్లు మన కవళ్ల జాతి చిన్నచేపల్ని చుట్టుముట్టి పైకి తరుముతున్నాయని అర్థం. ఆ గల్ఫ్‌లో ఏడాదంతా ఉండే బ్రైడ్స్ తిమింగలాలు కూడా ఒక్కోసారి ఆ విందుకు వస్తాయి. రాలిపడే ముక్కల కోసం అడుగున స్నాపర్లు కాచుకుని ఉంటాయి. గులాబీ ఒంటి మీద నీలి చుక్కలుండే ఈ చేప కోసమే చాలామంది వేకువనే బయల్దేరేది. గుంపు మధ్యలోకి బండిని దూకించడం అనాగరికమే కాదు, నేరం కూడా. తిమింగలాలకు, డాల్ఫిన్లకు 300 మీటర్ల లోపు అలలు లేవనంత నెమ్మదిగానే వెళ్లాలి.

కాస్త ఎగువన ఆగి ఇంజన్ ఆపేస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. గాలి మరీ తోసేస్తుంటే, నీటిలో గొడుగులా విచ్చుకునే గుడ్డసంచిని తాడుతో కట్టి వదులుతారు. బండి వేగం తగ్గుతుంది. రెండు కాళ్లూ ఒకే పక్క పెట్టి, శ్రీకాకుళం తెప్ప మీద కూర్చున్న మనిషిలా నీటికి జానెడు ఎత్తున ఒళ్లు అదుపులో పెట్టుకోవాలి. బండి కొట్టుకుపోతున్న దిక్కుకే మెత్తటి రబ్బరు ఎరను విసిరి, దిగనివ్వాలి. చాలాసార్లు దిగుతుండగానే చేప అందుకుంటుంది. దారం బిగిస్తే ఎర సహజంగా దిగదు, మరీ వదిలేస్తే పట్టిన సంగతి తెలియదు. ఆ మధ్యస్థం చేతికి అబ్బడమే ఇందులో విద్య. కింగ్‌ఫిష్ తగిలితే వేరే కథ: బండి ముక్కు దానివైపు తిరిగి, మనమే దాని వెంట పోతాం. పెద్ద పడవలో ఈ అనుభవం దొరకదు.

పట్టిన చేపను కొట్టుకోనివ్వరు. మెదడులో సన్నటి చువ్వ గుచ్చి, రక్తం పోనిచ్చి, ఐసు కలిపిన సముద్రపు నీటిలో ముంచుతారు. ఇకెజిమె అనే ఈ జపాన్ పద్ధతి వల్ల కండ గట్టిగా, రుచిగా నిలుస్తుంది. తొలి చేపను సముద్రదేవుడు టాంగరోవాకు తిరిగి వదలడం అక్కడి మూలవాసులైన మావోరీల ఆచారం. చట్టం కూడా కొన్నిటిని వదలమంటుంది: స్నాపర్ 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు, రోజుకు మనిషికి ఏడే. కింగ్‌ఫిష్ 75 సెంటీమీటర్లు, మూడు. సముద్రంలో సరదా వేటకు లైసెన్సు అక్కర్లేదు కానీ పట్టింది అమ్మకూడదు. 1975 నుంచి రక్షిత ప్రాంతమైన గోట్ ఐలండ్ చుట్టూ గాలం వేయనే కూడదు.

సెలవులకు వెళ్లినవాళ్లు బండి అద్దెకు తీసుకుని ఒంటరిగా లోపలికి పోవడాన్ని నేను ఒప్పుకోను. అక్కడి నీరు తెలిసినవారి వెంటే వెళ్లాలి. లైఫ్‌జాకెట్‌తో పాటు, మనిషి పడగానే ఇంజన్ ఆగేలా ఒంటికి తగిలించుకునే తాడు ఉండాలి. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది ముట్టకూడదు. తలకిందులైన బండిని ఎటు తిప్పాలో వెనక స్టిక్కర్ మీద ఉంటుంది. అది బయల్దేరకముందే చదవాలి.

ఒడ్డుకొచ్చాక ముక్కలు కోసుకుని, తలలు పారేసేవాళ్లు అక్కడ చాలామందే ఉండేవారు. మావోరీలకు, పసిఫిక్ ద్వీపవాసులకు తలకాయే శ్రేష్ఠమైన భాగం. దక్షిణ ఆక్లండ్‌లోని పాపటూఆనుకు కోకిరి అనే మరాయే (మావోరీలు సమావేశమయ్యే చోటు) వారు ‘కాయ్ ఇకా’ పేరిట ఆ తలలనూ ముళ్ల గూళ్లనూ సేకరించి, కావలసిన కుటుంబాలకు పంచుతున్నారు. చింతపండు, మెంతిపొడి ఇంట్లో ఉన్న తెలుగువారు మాత్రం తమ వంతు తలకాయను వాళ్లదాకా పోనివ్వరనుకుంటాను.