ఝుంపా లాహిరి రచనలు – ప్రవాస కుటుంబ జీవనము

తరతరములుగా పొరుగు రాష్ట్రములందు నివసించు మనకు ప్రవాసుల కథలు కొత్తవి కావు. ఐనను ఝుంపా లాహిరి రచనలు చదువునపుడు, మన ఇంటిలోని మాటనే ఎవరో చాటున విని వ్రాసినట్లు తోచును.

ఈమె వంగదేశీయులగు దంపతులకు 1967లో లండనునందు జన్మించెను. పసితనముననే కుటుంబము అమెరికాకు తరలి రోడ్ ఐలాండు రాష్ట్రమున స్థిరపడినది. తండ్రి అచటి విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఉద్యోగి. అసలు పేరు నీలాంజన సుదేష్ణ. ఝుంపా యనునది ముద్దుపేరు. పలుకుట సులభమని బడిలోని ఉపాధ్యాయురాలు దానినే వాడుటచే లోకమున అదియే నిలిచినది. 1999లో వెలువడిన తొలి కథాసంపుటము ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’కు మరుసటి యేడు పులిట్జరు బహుమానము లభించెను.

ఈ పేరు గొడవయే 2003 నాటి ‘ది నేమ్‌సేక్’ నవలకు బీజమని చెప్పవచ్చును. బిడ్డకు ముత్తవ్వ నిర్ణయించిన పేరు గల ఉత్తరము కలకత్తానుండి వచ్చుచు త్రోవలో తప్పిపోవును. పేరు వ్రాయనిదే ఆసుపత్రివారు బిడ్డను పంపరు. తండ్రి అశోక్ పూర్వము రైలు ప్రమాదమున చావు తప్పించుకొన్ననాడు అతని చేతనున్నది రష్యా రచయిత గొగోల్ కథల పుస్తకము. ఆ పేరే బిడ్డకు పడును. కుమారుడు పెరిగి దానిని రోసి నిఖిల్ అని మార్చుకొనును. దాని వెనుకనున్న వృత్తాంతము అతనికి అటుపిమ్మట గాని తెలియదు. కొడుకును నిందింప మనసొప్పదు, తండ్రిని నిందింప వీలులేదు. తమిళనాట బడి పుస్తకముల కెక్కునపుడు ఇంటిపేరు జారిపోయి, తండ్రి పేరిలోని తొలి అక్షరము మాత్రము మిగులుట ఎరిగిన మనకు ఈ ఘట్టమునకు వ్యాఖ్యాన మక్కరలేదు.

లాహిరి దుఃఖమును వర్ణింపదు, వస్తువులను చూపును. ‘మిసెస్ సేన్స్’ అను కథలో ఆ యిల్లాలు స్వదేశమునుండి తెచ్చుకొన్న వంకర కత్తి మన కత్తిపీట వంటిదే. ఊరిలో పెండ్లియైనచో ఇరుగుపొరుగు స్త్రీలందరు తమ కత్తులతో చేరి, రాత్రి తెల్లవార్లు కూరలు తరుగుచు నవ్వుకొనుటను ఆమె తలచుకొనును. అమెరికాలో ఆమె ఒంటిగా తరుగును. చూచువాడు ఆమె కనిపెట్టుకొను బాలు డొక్కడే.

ఆ సంపుటములోని తుది కథయందు వృద్ధులగుచున్న తలిదండ్రులు, హార్వర్డులో చదువు కుమారుని వారాంతములందు ఇంటికి గొనివత్తురు. చేతితో అన్నము తినవలెను, వంగభాష మాటాడవలెను. తాము పోయిన పిదప వాడీ పనులు చేయడేమో యని వారి భయము. హోసూరు, మదుర ప్రాంతములందు తెలుగున మాటాడుచు, తమిళ లిపియే చదువగల కుటుంబములలో ఈ భయము పాతబడినది. మాట మిగిలినది, అక్షరము పోయినది.

లోపములు లేకపోలేదు. అమెరికా చేరిన ఈమె పాత్రలు పెక్కురు ఆచార్యులు, ఇంజనీర్లు. కూలి చేసికొని బ్రతుకువాడు అరుదు. మనలో పెక్కుర పూర్వులు సైనికులుగను, సాలీలుగను, రైతులుగను వలస వచ్చినవారు గనుక ఈ కొరత మనకు వెంటనే కంటబడును. నక్సలైటు ఉద్యమము నేపథ్యముగా గల 2013 నాటి ‘ది లోలాండ్’ నాకంతగా రుచింపలేదు. చరిత్ర చెప్పు పుటలలో ఆమెకు సహజమైన క్లుప్తత సడలినది.

2012లో రోమునకు తరలి ఆమె ఇటాలియను భాషలో వ్రాయ మొదలిడినది. వంగభాష మాటాడుట వచ్చును గాని చదువను వ్రాయను సరిగా రాదని ఆమెయే చెప్పుకొన్నది. అట్టిది, మాతృలిపిని విడిచి మూడవ భాషను చేపట్టుట ద్రోహమని ఆక్షేపింపవచ్చును. నేను దాని కేకీభవింపను. వంగభాష ఇంటివారిది, ఆంగ్లము బడివారిది. రెండుచోట్లను ఆమె ఎవరికో బదులు చెప్పవలసియుండెను. ఇటాలియను తాను ఏరుకొన్నది. ఆ భాషలో 2018లో వెలువరించిన నవలను 2021లో తానే ఆంగ్లీకరించినది. అందలి కథానాయికకు పేరు లేదు. ఆమె తిరుగాడు ఊరికిని పేరు లేదు.