పేరు శక్తి, వేదిక మగవాళ్ళది

హార్డ్ రాక్ అనగానే మన కళ్ళ ముందు ఒక బొమ్మ కదులుతుంది. మెడలో వేలాడే గిటార్, చెవులు పగిలే స్పీకర్లు, వేదిక మధ్యలో ఒక మగవాడు. ఆ హోరు పితృస్వామ్యపు గొంతు అనీ, మన శాస్త్రీయ సంగీతం మాత్రం స్త్రీలకి కొంతైనా చోటిచ్చిన సౌమ్యమైన లోకం అనీ అనుకోవడం మనకి అలవాటు. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారిస్టు నడిపిన రెండు బృందాల చరిత్ర చూస్తే ఈ అలవాటు తలకిందులవుతుంది. అందులో ఒక బృందంలో మన పాలకొల్లు వాడూ ఉన్నాడు. కాబట్టి ఇది ఎక్కడివాళ్ళ కథో అని పక్కన పెట్టడానికి లేదు.

నాది అహోబిలం. ఉగ్రం ఎవరిది, శాంతం ఎవరిది అనే పంపకం మా ఊళ్ళో చిన్నప్పట్నించీ వింటూ పెరుగుతాం. గర్జన నరసింహుడిది. ఆ ఉగ్రాన్ని చల్లార్చే పని చెంచు పడుచుది. ఏటా పారువేటలో స్వామి దాదాపు 40 రోజులు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి తన పెళ్ళికి జనాన్ని పిలుస్తాడు. చెంచులకి ఆయన ఇంటి అల్లుడు. ఎంతో ఇష్టంగా చెప్పుకునే కథే, కానీ చెంచులక్ష్మి గర్జించిందని చెప్పే కథ మాత్రం నేనెప్పుడూ వినలేదు. సంగీతాన్ని వినేటప్పుడు కూడా మనం ఇదే పంపకాన్ని చెవుల్లో పెట్టుకుని వింటున్నామా అన్నది నా ప్రశ్న.

మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా మొదలుపెట్టాడు. ఆ పేరు ఆయనకి గురువు శ్రీ చిన్మయ్ ఇచ్చింది. పేరులో భక్తి ఉన్నా వాద్యంలో ఉన్నది నిప్పు. ఒక మెడకి 12 తీగలు, ఇంకో మెడకి 6 తీగలు ఉన్న జంట గిటార్, బిల్లీ కాబమ్ డ్రమ్స్, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్. అదే ఏడాది వచ్చిన 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్', 1973లో వచ్చిన 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' జాజ్ ఆలోచనని హార్డ్ రాక్ శబ్దంలో వినిపించాయి. రెండో ఆల్బమ్‌కి పేరిచ్చిన రచన 18 మాత్రల ఆవర్తంలో నడుస్తుంది. గిటార్ ఒకటి అడుగుతుంది, వయొలిన్ జవాబిస్తుంది, వేగం పెరుగుతుంది. జుగల్‌బందీ విన్న చెవికి ఈ పోటీ కొత్తది కాదు, ఆ శబ్దం మాత్రం కొత్తది. ఈ మొదటి బృందంలో ఐదుగురూ మగవాళ్ళే. ఇక్కడిదాకా మన కళ్ళ ముందున్న బొమ్మకేమీ ఢోకా లేదు.

1974లో బృందం మారింది. కీబోర్డు, గాత్రం గేల్ మొరాన్. వయొలిన్ కరోల్ షైవ్. వయోలా మార్షా వెస్ట్‌బ్రుక్. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేసిన 'అపోకలిప్స్'లో వీళ్ళున్నారు. 1975 నాటి 'విజన్స్ ఆఫ్ ది ఎమరాల్డ్ బియాండ్'లోనూ మొరాన్, షైవ్ ఉన్నారు. నాయకత్వం గిటార్‌దే, అది మారలేదు. అయినా ఆ హోరులో స్త్రీల చేతులు తీగల మీదా మెట్ల మీదా ఉన్నాయి. చరిత్రకారులు మొదటి ఐదుగురి గురించి పేజీలు రాసి, వీళ్ళని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

ఆ తర్వాత మెక్‌లాఫ్లిన్ కరెంటు వదిలి మన వైపు తిరిగాడు. ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, విక్కు వినాయకరామ్‌లతో కట్టిన బృందానికి 'శక్తి' అని పేరు పెట్టాడు. అంతకుముందే అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. శక్తి కోసం చేయించుకున్న గిటార్‌కి మెట్ల మధ్య చెక్కని లోపలికి గుంటగా చెక్కించాడు. తీగని నొక్కి లాగితే గమకం పలకాలని. శ్రుతి కోసం అడ్డంగా మరో 7 తీగలు. పెళ్ళిచూపుల్లో మన ఆడపిల్లల చేత వాయించిన వీణ ఆ విధంగా గిటార్‌లోకి చేరి ప్రపంచ వేదిక ఎక్కింది. వాయించే ఆడపిల్ల మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

1997లో 'రిమెంబర్ శక్తి'గా ఈ బృందం మళ్ళీ మొదలైంది. కొద్దికాలానికే మాండలిన్ శ్రీనివాస్ వచ్చి చేరాడు. 1969లో పాలకొల్లులో పుట్టి, రుద్రరాజు సుబ్బరాజు దగ్గర నేర్చుకున్న శ్రీనివాస్ చేసిన పని చిన్నది కాదు. మామూలు మాండలిన్‌కి నాలుగు జంటలుగా 8 తీగలు. మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. ఆయన 5 ఒంటి తీగలు పెట్టి, కరెంటు సాయంతో స్వరాన్ని నిలబెట్టాడు. నిలిచిన స్వరానికే గమకం సాధ్యం. రాక్ గిటార్‌ని పెంచిన విద్యుత్తే కర్ణాటక సంగీతానికి కొత్త గొంతునిచ్చిందన్నమాట. 2000లో వచ్చిన 'ది బిలీవర్' వినండి. గిటార్, మాండలిన్ ఒకరి మాట ఒకరు పూర్తి చేస్తుంటారు. నాయకుడెవరో కాసేపు మరిచిపోతాం. 2014లో 45 ఏళ్ళకే ఆయన పోవడం తీరని లోటు.

పరాయి చెక్కని, కరెంటు తీగని మన సభ ఒప్పుకుంది. దేశాలు, మతాలు, హిందుస్తానీ–కర్ణాటక సరిహద్దులు దాటిన బృందమని శక్తిని లోకం మెచ్చుకుంది. 2024లో 'దిస్ మొమెంట్'కి గ్రామీ కూడా వచ్చింది. అయితే మొదటి నుంచీ ఇన్ని మార్పుల్లో ఒక్క స్త్రీ కూడా అందులో శాశ్వత సభ్యురాలు కాలేదు. అన్ని గీతలూ దాటిన చోట ఈ ఒక్క గీత చెరగలేదు.

వాయించే స్త్రీలు లేరా? వినాయకరామ్, ఆయన తండ్రి హరిహర శర్మ నేర్పిన బడిలోనే ఘటం నేర్చుకుంది సుకన్యా రామ్‌గోపాల్. ఆమెతో కలిసి వేదిక ఎక్కడానికి కొందరు మృదంగ విద్వాంసులు ఒప్పుకోలేదని ఆమే చెప్పింది. 1995లో స్త్రీలతోనే 'స్త్రీ తాల్ తరంగ్' కట్టింది. మన తెలుగునేల మీద దండమూడి సుమతి దశాబ్దాలుగా మృదంగం వాయించి, 2021లో పద్మశ్రీ అందుకుంది. ఆడవాళ్ళు పాడొచ్చు, వీణ పట్టొచ్చు, తాళవాద్యం మాత్రం మగవాళ్ళదన్న కట్టుబాటు ఇంత ప్రతిభకీ అడ్డంగా నిలబడింది.

ఇది స్నేహితుల బృందం, ఎవరితో వాయించాలన్నది వాళ్ళిష్టం అనవచ్చు. ఏ ఒక్కరి మనసునో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. స్నేహం ఎక్కడ పుడుతుంది? గురుకులంలో, రైలు ప్రయాణంలో, కచేరీ తర్వాత అర్ధరాత్రి కబుర్లలో. వీటిలో ఆడపిల్లకి ప్రవేశమెంత? శక్తి తన సభ్యుల్ని ఏరుకున్నది ఈ లోకం నుంచే. అందుకే సంప్రదాయపు సౌమ్యత స్త్రీలకి తలుపు తెరుస్తుందని నమ్మే ముందు, హోరెత్తిన 1974 బృందంలో ఎవరెవరు వాయించారో చూడాలి. సౌమ్యత స్త్రీకి ఇచ్చిన చోటు కాదు, అప్పగించిన పని.

సాహిత్యంలో మరుగునపడ్డ రచయిత్రుల్ని మనం ఒక్కొక్కరినీ వెతికి తెచ్చుకున్నాం. తాళ్ళపాక తిమ్మక్కని తొలి తెలుగు కవయిత్రిగా చదువుకుంటున్నాం. సంగీతంలో ఆ పని గాయనుల దగ్గరే ఆగిపోయింది. ఆల్బమ్ అట్టల వెనక చిన్న అక్షరాల్లో ఉన్న వయొలిన్, వయోలా, ఘటం, మృదంగం పేర్లు చదవడం నుంచి మిగతా పని మొదలుపెట్టవచ్చు.