సార్ చెప్పిన లెక్క

కొత్తపల్లి జయశంకర్ 1934 ఆగస్టు 6న అక్కంపేటలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు హనుమకొండ జిల్లా ఆత్మకూరు మండలంలో ఉంది. చదివింది అర్థశాస్త్రం, పట్టింది పాఠం చెప్పే వృత్తి. ఉస్మానియాలో పిహెచ్‌డి చేశారు. విద్యార్థిగా ఉన్నప్పుడే 1952 ముల్కీ ఉద్యమంలోకి దిగారు. స్థానికులకు దక్కాల్సిన కొలువులు బయటివాళ్ల పాలవుతున్నాయన్నది నాటి విద్యార్థుల ఫిర్యాదు. ఆ ఫిర్యాదును ఆయన చివరిదాకా వదల్లేదు.

వరంగల్‌లో అందరూ సీకేఎం అని పిలిచే చందా కాంతయ్య స్మారక కళాశాలకు ప్రిన్సిపాల్‌గా, తర్వాత కాకతీయ విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రార్‌గా పనిచేశారు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్ర సంస్థ సీఫెల్‌లోనూ రిజిస్ట్రార్ బాధ్యత చూశారు. 1991 నుంచి 1994 వరకు కాకతీయ ఉపకులపతి. ఇన్ని కుర్చీలు మారినా జనానికి ఆయన జయశంకర్ సారే.

పదవుల కన్నా ఆయనకు పేరు తెచ్చింది తెలంగాణ వాదాన్ని విడమరచి చెప్పిన తీరు. అది తరగతి గదిలో అలవడిన తీరు. కాగితం మీద ఏం రాసుకున్నారు, తర్వాత ఏం జరిగింది, రెంటికీ తేడా ఎంత అన్నదే అందులో వరుస. ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు కావాలి. అక్కడి కొలువులకు పన్నెండేళ్ల నివాసం ఉండాలి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు అప్పటి ఆంధ్రప్రదేశ్‌ను జోన్లుగా విభజించాయి. వరంగల్ ఐదో జోన్‌లోకి వచ్చింది. ఆ ఉత్తర్వులను దాటి తెలంగాణలోని ఐదు, ఆరు జోన్లలో చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలంటూ 1985 డిసెంబరు 30న జీవో 610 వచ్చింది. గడువు దాటింది గానీ పని పూర్తి కాలేదు. దాని అమలును పరిశీలించడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న తెలంగాణ ఉద్యమ నినాదం ఊరూరా నిలబడిందంటే దాని వెనుక ఇలాంటి తేదీలు, జీవో నంబర్లు ఉన్నాయి. కోపం ఒక్కటే అయితే సభతోపాటే చల్లారేది. లెక్క తెలిసినవాడు ఇంటికెళ్లి ఇంకొకరికి చెప్పగలడు. కొంపెల్లి వెంకట్ గౌడ్‌తో ఆయన సాగించిన సంభాషణ ‘వొడువని ముచ్చట’ పేరుతో పుస్తకంగా వచ్చింది.

చదువు చెప్పేవారు పెద్ద పదవికి చేరే దారులు రెండు. ఒకటి జయశంకర్ నడిచినట్టు విద్యాసంస్థల పాలన మీదుగా సాగేది. కరీబియన్ దీవి సెయింట్ లూసియాలో పెర్లెట్ లూయిసీ కూడా ఆ దారినే వచ్చారు. ఉపాధ్యాయురాలిగా మొదలై సర్ ఆర్థర్ లూయిస్ కమ్యూనిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1997లో ఆ దేశపు తొలి మహిళా గవర్నర్ జనరల్‌గా నియమితులై 2017 చివరిదాకా కొనసాగారు.

రెండోది ఓట్ల దారి. పర్వతగిరికి చెందిన కడియం శ్రీహరి ఉపాధ్యాయుడిగా, అధ్యాపకుడిగా పనిచేసి 1987లో తెలుగుదేశంలో చేరారు. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ నుంచి 1994లో శాసనసభకు ఎన్నికై మంత్రి అయ్యారు. 2014లో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున వరంగల్ ఎంపీగా గెలిచారు. 2015 జనవరిలో ఉప ముఖ్యమంత్రి పదవితోపాటు విద్యాశాఖనూ చేపట్టి 2018 దాకా ఉన్నారు. ఒకప్పుడు పాఠం చెప్పిన మనిషికి రాష్ట్రంలోని బడులన్నిటి బాధ్యత వచ్చింది.

ఓట్ల దారిలో అధికారం చేతికొస్తుంది. దానితోపాటు గెలుపోటములు, పార్టీల మార్పులు కూడా వస్తాయి. శ్రీహరి అవన్నీ చూశారు. జయశంకర్ విశ్వవిద్యాలయంలో ఉపకులపతి దాకా వెళ్లారు. అయినా ఆయనకు పేరు తెచ్చింది సంతకం కాదు, మాట. సంతకం విలువ పదవీకాలంతో తీరిపోతుంది. విన్నవాడు తిరిగి చెప్పగలిగిన పాఠానికి ఆ గడువు లేదు.

జయశంకర్ 2011 జూన్ 21న కన్నుమూశారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అదే ఏడాది రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు భూపాలపల్లి జిల్లాకూ ఆయన పేరే ఇచ్చారు.