వంశాన్ని నాలుకపై నిలిపిన వృత్తి

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందున నడిగడ్డగా పేరొందిన సీమలో, ఇటిక్యాల పరిసర గ్రామాల కుటుంబచరిత్రను కేవలం కాగితాలలో వెదకబూనితే దారం మధ్యలోనే తెగుతుంది. ఎందుకంటే పాలమూరు కూలీలుగా దేశమంతటా ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వినవారూ, శ్రీశైలం జలాశయపు ముంపులో ఊళ్లనే కోల్పోయినవారూ ఈ ప్రాంతంలో ఉన్నారు.

అటువంటి తెగిన దారాన్ని ముడివేసే నేర్పు తెలుగునాట పిచ్చుకుంట్లవారిది. ప్రభుత్వ జాబితాలలో వంశరాజ్ అనే పేరు కూడా ఉన్న వీరిది ఆశ్రిత కులం, అనగా రెడ్డి, కాపు, గొల్ల వంటి దాతృ కులాల గోత్రాలనూ వంశక్రమాన్నీ గానం చేసి, త్యాగమనే ప్రతిఫలాన్ని ధాన్యంగానో ధనంగానో పొందే కులం. హరిద్వార్ పండాలు యాత్రికుల వంశాలను బహీలనే పొడవాటి పుస్తకాలలో రాసిపెట్టగా, వీరు ప్రధానంగా జ్ఞాపకాన్నే పుస్తకం చేసుకున్నారు.

గడపలో నిలిచిన గాయకుడు ఇంటిపేరూ గోత్రమూ అడిగి, మూలపురుషుడితో మొదలుపెట్టి, ఎవరికి ఎవరు పుట్టారో, ఏ పాయ ఏ ఊరు విడిచి ఎక్కడ స్థిరపడిందో వరుస తప్పకుండా చెప్పుకొస్తాడు. విడిచిన ఊరే ఇంటిపేరై మిగిలిన కుటుంబానికి, ఆ పేరులో దాగిన ప్రయాణాన్ని విప్పిచెప్పే ఈ విద్య యాచన కాదు, పాండిత్యం.