తగాదాకు ముందే రాసే నిబంధన

నిర్మాణ ఒప్పందంలోని మధ్యవర్తిత్వ నిబంధన, తగాదా పుట్టకముందే దాన్ని తేల్చే దారిని రాసిపెడుతుంది. గద్వాల జిల్లా నెట్టెంపాడు, వనపర్తి జిల్లా ఏదుల, నాగర్‌కర్నూల్ జిల్లా వట్టెం వంటి ఎత్తిపోతల పనులున్న చోట దాని విలువ ఇంకా ఎక్కువ. తవ్వింది మెత్తరాయా, గట్టిరాయా అన్నదాన్ని బట్టి బిల్లు మారిపోతుంది. కాలువలోంచి తీసేశాక ఆ రాయిని రుజువుగా చూపడం కష్టం.

ముసాయిదా రాసేవారి నేర్పు ముందుగా క్రియాపదంలో కనబడుతుంది. ‘మధ్యవర్తికి నివేదించాలి’ అంటే నిబంధన నిలుస్తుంది. ‘ఇరుపక్షాలూ అలా నిర్ణయించుకుంటే’ అన్న షరతు చేరితే అది మధ్యవర్తిత్వ ఒప్పందమే కాదని 2007లో జగదీశ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత చిన్న మాట, ఎంత పెద్ద నష్టం!

1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం ఈ ఒప్పందం రాతలో ఉండాలి, మధ్యవర్తుల సంఖ్య సరిసంఖ్య కాకూడదు. 2015 సవరణ తర్వాత, తగాదా వచ్చాక ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప, పని చేయించే శాఖ ఇంజనీరు మధ్యవర్తిగా కూర్చోలేరు. న్యాయమైన మార్పు ఇది. మధ్యవర్తిత్వ పీఠం హైదరాబాద్ అని స్పష్టంగా రాస్తే ఏ కోర్టుకు వెళ్లాలన్న పేచీ చాలావరకు తప్పుతుంది. పీఠం అక్కడున్నా, పనిని కళ్లారా చూడటానికి మధ్యవర్తులు వట్టెం కట్ట మీదికీ రావచ్చు.