రాజభోజనము - పంక్తిధర్మము

పురాతన రాజభవనములలో నెలకొల్పబడిన భోజనశాలలయందు అధికవ్యయమునకు ఓర్చి ఒక పూట భుజించుట నేటి విద్యావంతులైన గృహస్థులలో ఒక వేడుకగా నున్నది. పెండ్లినాటి తిథికో, పిల్లల పరీక్షావిజయమునకో, విదేశమునుండి వచ్చిన బంధువుల గౌరవార్థమో ఇట్టి విందులు జరుగుచున్నవి. దీనిని కొందరు నాగరికతకు గుర్తని పొగడుదురు. మరికొందరు దుర్వ్యయమని నిందింతురు. ఆ భోజనమున మనకు లభించునదేమియని ఈ రెండు పక్షములవారును విచారించినట్లు తోచదు. కావ్యమును, నాటకమును విమర్శించునట్లే విందును గూడ విమర్శింపవచ్చునని మేము తలచుచున్నాము. ఏలయన, ఎవరితో కూర్చుండి తినుచున్నాము, ఎవరు వడ్డించుచున్నారు, ఎవరు వెలుపల నిలిచియున్నారు అను ప్రశ్నలచుట్టునే మన సంఘసంస్కరణము చాల భాగము నడచినది.

ఇందులకు మనకు సమీపమున నున్న ఉదాహరణము హైదరాబాదునందలి ఫలక్‌నుమా భవనము. చార్మినారునకు దక్షిణముగా సుమారు 5 కిలోమీటర్ల దూరమున ఒక గుట్టపై ఇది యున్నది. పాయెగా వంశీయుడును, పిమ్మట నిజాం రాజ్యమున ప్రధానమంత్రియు నైన వికారుల్ ఉమ్రా 1884లో దీని నిర్మాణమును ప్రారంభించెను. 1890ల చివర ఇది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వశమాయెను. ఆయన 1911లో మరణించినదియు ఇచ్చటనే. పిమ్మట రాజాతిథులకు విడిదియై, క్రమముగా నిశ్శబ్దమై, దశాబ్దముల తరబడి మూతపడియుండిన యీ భవనము, సుమారు పది సంవత్సరముల పునరుద్ధరణానంతరము 2010లో తాజ్ సంస్థవారి హోటలుగా తెరువబడినది. ఇందు 101 మంది ఒక్కసారిగా కూర్చుండదగిన భోజనపు బల్ల లోకప్రసిద్ధము. విశేషపు విందులు దానిపై జరుగును. తక్కిన అతిథులకు హైదరాబాదు వంటకములు లభించు ‘అదా’ మొదలైన భోజనశాలలు కలవు.

ఇట్టి చోట మొదట మనస్సును లోగొనునది అన్నము కాదు, పరిసరము. ఎత్తైన పాలరాతి మెట్లు, వెనిసు నగరపు గాజుదీపముల కాంతి, క్రింద దూరముగా మిణుకుమను పాతబస్తీ దీపములు, మెల్లని మాట, తొందరలేని వడ్డన — ఇవన్నియు కలిసి, నాలుకపై ముద్ద పడకమునుపే రుచిని కల్పించును. ఈ కల్పనను మేము తృణీకరింపము. మన పెద్దలును అరటియాకు పరచుటకు, పీట వేయుటకు, నీళ్లు చిలకరించుటకు ఒక క్రమము నేర్పరచి భోజనమునకు గౌరవము కల్పించిరి. ప్రాతభవనము లుపయోగము లేనిచో శిథిలములగును. మరమ్మతునకు ధనము కావలెను. ఆ ధనము భోక్తలవలన వచ్చుచున్న దనుటయు సత్యమే. తాళము వేయబడి గబ్బిలములకు నిలయమైన మేడకంటె దీపములు వెలుగు మేడ మేలు.

అయినను, పరిసరమును విక్రయించువారు దాని చరిత్రమును గూడ విక్రయించుచున్నారు; ఆ చరిత్రము సగమే. ప్రభువుల అభిరుచి, దీపముల సంఖ్య, బల్ల పొడవు, వచ్చిన అతిథుల పేరులు — ఇవి యెల్లరకు చెప్పబడును. ఈ వైభవమునకు ధనమెచ్చటిదను ప్రశ్న అరుదుగా వినబడును. పాయెగాలు సైన్యపోషణార్థము ఈయబడిన విశాలమైన జాగీరులను అనుభవించిన కుటుంబములు. జాగీరులలోని రైతు చెల్లించిన శిస్తే ఆ పాలరాతికి మూలధనము. తెలంగాణపు పల్లెలలో కూలిలేక చేయించుకొనిన వెట్టిచాకిరిని గూర్చి ఆంధ్రోద్యమ నాయకులు ఎంత మొరపెట్టిరో మన చదువరు లెరుగుదురు. హైదరాబాదు రాజ్యము 1948 సెప్టెంబరున భారతదేశమున చేరిన పిమ్మట, 1949లో జాగీరులు రద్దుచేయబడెను. ఈ మాటలు చెప్పినంత మాత్రమున విందు చేదెక్కదు. గోడ అందమును చూచి మెచ్చుకొను కన్ను, గోడ మోసిన భుజమును గూడ చూడగలిగిననే అది విద్యావంతుని కన్ను.

ఇక వంటకములు. హైదరాబాదు పాకమును కేవలము మొగలాయి పాకమని చెప్పుట సరికాదు. పచ్చిమాంసమును మసాలాలతో నానబెట్టి, సగము ఉడికిన బియ్యమును పైన పరచి, మూతకు పిండి మెత్తి దమ్ముపై వండు బిర్యానీ, రాతిపలకపై కాల్చు మాంసము, ఎండిన జల్దారుపండ్లతో చేయు ఖుబానీ కా మీఠా — వీనియందు పారశీక, మొగలాయి సంప్రదాయములు కనబడును. కాని ఆ బిర్యానీ ప్రక్కన వడ్డించు మిర్చీ కా సాలన్‌నందు చింతపండు, నువ్వులు, వేరుసెనగలు కలవు. బఘారే బైంగన్ మన గుత్తివంకాయకు దగ్గర చుట్టము. అంబాడా యనునది మన గోంగూరయే. చిగుర్ గోష్త్ అను గొప్ప వంటకమునకు ప్రాణము చింతచిగురు. వేసవి మొదట పల్లెలలో కూలిజనులు దూసి, బుట్టల కెత్తి సంతకు తెచ్చు ఆ చిగురే రాజుల బల్లపై వెండిపాత్ర నెక్కినది. తెలుగు పొలము నవాబుల వంటశాలలోనికి ఎవరి అనుమతియు లేకయే ప్రవేశించినది. ఈ సంగతిని వడ్డించువాడు ఒక మాటగా చెప్పిన యెడల, ఆ వంటకమునకు గాజుదీపము లీయలేని రుచి వచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది పంక్తి విషయము. ఫలక్‌నుమా నిర్మాణమునకు మూడేండ్లు ముందు, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. దానియందు పాల్గొన్నవారికి సంఘబహిష్కారము ప్రాప్తించినది. ఒకరితో కలిసి తినుట, తినకపోవుట అనునదే ఆనాడు మనుష్యుని శిక్షించుటకు కొరడా. 1906లో ఇంగ్లండు యువరాజు హైదరాబాదునకు వచ్చి ఈ భవనమున అతిథియై యుండెను. అదే సంవత్సరమున అదే నగరమున భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి, అంటరానివారనబడినవారి అభ్యుదయమునకు పూనుకొనిరి. మేడపై విందుల పంక్తులు. మేడక్రింద పంక్తికి రానీయబడని జనులు. ఈ రెండును ఒకే నగరపు చరిత్రము.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 15వ అధికరణమున, మతమును బట్టిగాని, కులమును బట్టిగాని, స్త్రీపురుష భేదమును బట్టిగాని ఎవరికిని భోజనశాలలయందును, హోటళ్లయందును ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది. శాసనకర్తలు ఇంత చిన్నదిగా కనబడు విషయమును ప్రత్యేకముగా పేర్కొనుటకు కారణము, అది చిన్నది కాకపోవుటయే. నేడు ఆ రాజభవనమున వడ్డించువాని కులమును ఎవరు నడుగరు. వండినవాని గోత్రమును విచారింపరు. ప్రక్కబల్లవద్ద నెవరున్నారని పీట జరుపుకొనరు. ఇది తరముల శ్రమకు ఫలము. అయితే కులము విడిచిన ద్వారమున ధనము కావలి కూర్చున్నది. అచ్చటి ఒక పూట వ్యయము ఒక సామాన్యోద్యోగి కుటుంబమునకు అనేకదినముల గ్రాసము. ఈ కావలివానిని ఏ అధికరణమును తొలగింపలేదు. కావున రాజుగారి ఆహ్వానపత్రిక పోయి, ధనపుసంచి వచ్చుటనే పూర్ణసమానత్వమని భ్రమపడరాదు.

మేము మరియొక విషయము చెప్పవలసియున్నది. అది హోటలువారికి గాక మన గృహములకే సంబంధించినది. ఆ భోజనశాలయందు భార్యాభర్తలు, అత్తాకోడండ్రు, పిల్లలు ఒకే బల్లచుట్టు కూర్చుందురు. అందరికిని ఒకేసారి వేడిగా వడ్డింతురు. ఇల్లాలు ఏది తినగోరునో ఆమెనే అడుగుదురు. ఆ గంటన్నర కాలము ఆమె లేచి వంటగదిలోనికి పోనక్కరలేదు. ఎందరో గృహిణులు ఇట్టి విందును జీవితాంతము తలచుకొనుటకు పాలరాయి కారణమని పురుషు లనుకొందురు. తనకును ఒక ఆసనము వేయబడినదనుటయే అసలు కారణమేమో వారు విచారింపవలెను. మరునాటి యుదయమున ఇంట ఏమి జరుగును? మగవారికి, పిల్లలకు పెట్టి, చల్లారిన శేషమును ఆమె కడపట ఒంటరిగా తినును. అది ఆమె సద్గుణమని మనము మెచ్చుకొందుము. అంతేకాదు. ముందురాత్రి తెలియని చేతుల వంటను ఆనందముగా భుజించిన వారే, తమ యింట అంట్లుతోము స్త్రీకి గూటిలో వేరొక గ్లాసు దాచియుంచుదురు. బయట ధనమిచ్చి నేర్చుకొనిన మర్యాద గడప దాటి లోనికి రాకున్న, ఆ ధనము నిజముగా దుర్వ్యయమే.

అందుచేత మా యభిప్రాయమిది. శక్తిగలవారు అట్టి విందునకు పోవుటను మేము నిషేధింపము. అప్పుచేసి పోవుటను మాత్రము తప్పక నిషేధింతుము. పోయినవారు దీపములతోపాటు చరిత్రమును గూడ తిలకించి, పిల్లలకు రెండవ సగమును చెప్పవలెను. చింతచిగురు ఎచ్చటినుండి వచ్చినదో చూపవలెను. అచ్చట అమ్మబడువానిలో అతి విలువైనది, కలిసి కూర్చుండి, ఎవరిని తక్కువచేయక, వేడిగా భుజించు సుఖము. దానికి 101 ఆసనముల బల్ల అక్కరలేదు. నాలుగు పీటలు, లేదా ఒక చాప చాలును. కూరగిన్నెలను పంక్తి నడుమ నుంచి ఎవరికి వారు వడ్డించుకొనిన యెడల ఇల్లాలికి నిలువబడు పనియే లేదు. పనిచేయు స్త్రీకి ఇంటివారి గ్లాసులతోనే నీ రిచ్చిన యెడల గూటిలోని గ్లాసుతో పనియే లేదు. ఈ రెండు మార్పులకును ఒక కాసు ఖర్చు లేదు. రేపటి భోజనవేళనే ఆరంభింపవచ్చును.